చెరువు కింద మన వాటా

(ఫోరం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



ఫోరం పెద్దలు నాకు ఇచ్చిన విషయం ‘పల్లెల్లో వాతావరణ మార్పును తట్టుకునే పనికి మన తోడ్పాటు’. పేరు కొంచెం బరువుగానే ఉంది. ఆహ్వానం చూసి మా రూంలో ఒక తమ్ముడు “అన్నా, ఇది మనకు సంబంధించిందేనా, చదువుకున్నోళ్లదా?” అని అడిగిండు. నేను తిరిగి అడిగిన, ఎండ సంగతి నీకంటే బాగా తెలిసినోడు ఎవడున్నడు అని.

ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని ఆపాలని నియమం ఉంది. కువైట్‌లో ఉన్న మనోళ్లకు జూన్ నుంచి ఆగస్టు ఆఖరు దాకా పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు వరకు. ఆ నియమం ఎందుకొచ్చిందో షట్టరింగ్ మీద నిలబడ్డోనికి, కడ్డీ కట్టేటోనికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. వానా అంతే. 2024 ఏప్రిల్ 16 ఇక్కడున్న ఎవరం మరిచిపోం. అల్ ఐన్ దిక్కున ఒకచోట ఒక్క రోజు కూడా నిండకుండా 254 మిల్లీమీటర్లు పడింది. ఈ ఎడారి దేశంలో రెండేళ్లు కలిపినా అంత వాన ఉండదు.

అక్కడ ఊళ్లోనూ అదే తీరు. 2023 జూలై ఆఖరున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అదే వానకు భూపాలపల్లి దిక్కున మోరంచవాగు పొంగి మోరంచపల్లి జనం తెల్లారేసరికి ఇండ్ల కప్పులెక్కారు. 2025 ఆగస్టు చివర కామారెడ్డి, మెదక్ జిల్లాల్లో రోడ్లు కొట్టుకుపోయాయి. మనం ఇక్కడ డ్యూటీలో ఉండి, ఫోన్ కలవక, గ్రూపులో వచ్చిన వీడియోల్లో మన ఇల్లు ఎక్కడుందో వెతుక్కున్నం.

వాన తగ్గిందని కాదు నేను చెప్పేది. నాలుగు నెలలు నిమ్మళంగా పడాల్సిన వాన నాలుగు రోజుల్లో దంచి పోతున్నది. నడుమ ఇరవై రోజులు చుక్క ఉండదు. దంచిన వాన నేలలో ఇంకదు, పారిపోతది. మళ్లీ పంటకు నీళ్లు కావాల్సిన నాటికి బోరు వైపే చూడాలి. మన పైసల కథ అక్కడ మొదలైతది.

మనం పంపే పైసలు ఎక్కడికి పోతున్నయో ఒకసారి చూసుకోండి. ఇల్లు, చెల్లె పెండ్లి, పిల్లల ఫీజులు, దవాఖాన. వాటి మీద నేనేం మాట్లాడను. వాటి తర్వాత చాలామంది ఇండ్లల్లో ఉండే ఖర్చు బోరు. బోరు వేయడం, కేసింగు, మోటారు, తీగ, పైపు అన్నీ కలిపి లక్ష దాటుతుంది. పడకపోతే ఇంకోటి. పడ్డది ఎండితే పక్కన ఇంకోటి, ఇంకా లోతుకు. ఎండిన బోరు అప్పు తీర్చడానికే గల్ఫ్ బాట పట్టినవాళ్లు ఈ హాల్లో ఉన్నారు. బోరు అప్పు మీద వీసా అప్పు. వచ్చినాక మళ్లీ బోరుకే పంపుతున్నం. వాతావరణ మార్పుకు మనం ఖర్చు పెట్టడం ఎప్పుడో మొదలైంది తమ్ముడూ, కాకపోతే ఎవరి మడిలో వాళ్లం, ఎవరికి వాళ్లం పెడుతున్నం.

బోరు ఎందుకు ఎండుతుందో నాకు ఒక రిటైరైన భూగర్భజలాల ఆఫీసరు చెప్పిండు, ఆయన మాట సులువుగా ఉంటది కాబట్టి మీకూ చెప్తా. మన దిక్కు నేల కింద ఎక్కువగా ఉన్నది గ్రానైటు రాయి. పైన మట్టి, మొరం, దాని కింద మెత్తబడి పొడిపొడిగా ఉన్న రాయి. నీళ్లు బాగా నిలిచేది ఆ మెత్తని పొరలోనే. దాని కింద గట్టిరాయి. అందులో పగుళ్లుంటే ఆ పగుళ్లల్లో కొంచెం. అంతేగాని కింద నది పారుతలేదు. నాలుగు వందల అడుగులు పోయినా, ఎనిమిది వందలు పోయినా కొత్త నీళ్లు పుట్టవు. పక్కోని బోరులోకి వచ్చే నీళ్లే మన బోరులోకి వస్తయి. అన్న బోరు లోతు చేస్తే తమ్ముని బోరు ఎండేది అందుకే. ఇండ్లల్ల పంచాయితీలు ఎన్ని ఇట్ల పుట్టినయో మీకు తెలుసు.

ఇంకో లెక్క. మన జిల్లాల్లో ఏడాది పొడుగునా పడే వాన సుమారు వెయ్యి మిల్లీమీటర్లు. రాతినేలలో అందులో కిందికి ఇంకేది పదోవంతు అటూ ఇటుగా. యాసంగిలో ఎకరం వరికి పెట్టే నీళ్లు సుమారు 1200 మిల్లీమీటర్లు, అంటే దాదాపు యాభై లక్షల లీటర్లు. అందులో కొంత మళ్లీ నేలలోకే పోతది, నిజమే. అయినా ఆ ఎకరం మీద ఏడాదంతా పడ్డ వాన మొత్తం కంటే ఎక్కువ నీళ్లు ఒక్క పంటకే తోడుతున్నం. అవే నీళ్లతో రెండెకరాల మక్క పండుతది. కాలువ కింద ఊళ్ల సంగతి వేరు. నేను బోరు మీద బతికే ఊళ్ల గురించి చెప్తున్న.

మరి నేలకు నీళ్లు తిరిగి ఇచ్చేది ఏది? చెరువు. మన తాతలు ఒక్క చెరువు కట్టి ఊరుకోలేదు. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువుకు, అది నిండితే దాని కిందిదానికి, గొలుసు లెక్క కట్టిండ్రు. దంచి పడ్డ వానను ఆపి మెల్లగా ఇంకించే పని ఆ గొలుసు చేసేది. తూము ఎప్పుడు తెరవాలో, ఎవరి మడికి ఎంత పారాలో చూడటానికి నీరటి ఉండేటోడు, పంట మీద ఆయనకు గింజలు కొలిచేటోళ్లు. బోర్లు వచ్చినాక నీరటి అవసరం లేదనుకున్నరు. కాలువలు పూడినయి. కట్ట మీద సర్కారు తుమ్మ మొలిచింది, శిఖంలో ఎవరికి దొరికింది వాళ్లు దున్నుకున్నరు.

2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైంది. 46 వేలకు పైగా చెరువులు బాగుచేయాలని లక్ష్యం. పూడిక తీసిండ్రు, కట్టలు పటిష్ఠం చేసిండ్రు, మట్టిని రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నరు. నల్లని ఒండ్రు పడ్డ చెల్క తడిని ఎక్కువ రోజులు పట్టి ఉంచింది, అది మా ఇంటి పొలంలోనే చూసిన. పని అన్నిచోట్లా ఒక్కతీరుగ జరగలేదు, అదీ నిజమే. నా బాధ వేరే. బాగుచేసిన చెరువును తర్వాత చూసేదెవరు? కాంట్రాక్టరు బిల్లు తీసుకొని పోతాడు. నీరటి లేడు. పదేళ్లలో తూము షట్టర్ తుప్పుపట్టి బిగుసుకుంటది. ఒకనాడు పెద్ద వాన వచ్చి మత్తడి దగ్గర చెత్త అడ్డం పడితే నీళ్లు కట్ట మీదికెక్కుతయి. మట్టి కట్ట మీది నుంచి నీళ్లు పొర్లితే కట్ట నిలువదు. ఎక్కువ ఖర్చు లేని పనులు ఇవి: మే నెలలో మత్తడి ముందర చెత్త తీయడం, షట్టర్‌కు గ్రీజు పెట్టడం, కట్టలో ఎలుక బొరియలు, చెట్ల వేళ్లు చూడటం, కాలువలో లొట్టపీసు కోయడం. చేసేవాళ్లు లేక ఆగిపోయిన పనులు.

ఇక్కడ మన హాల్లో చూడండి. వెల్డర్లు ఉన్నరు, ఫాబ్రికేటర్లు ఉన్నరు, మేస్త్రీలు, ప్లంబర్లు, ఎక్స్‌కవేటర్ ఆపరేటర్లు, లెవెల్ పట్టి చూసే సర్వేయర్ హెల్పర్లు ఉన్నరు. బుర్జ్‌లు కట్టిన చేతులు. సెలవు మీద పోయినప్పుడు ఒక వెల్డర్ ఒక్క పూటలో షట్టర్ విప్పి సరిచేయగలడు, నీటిపారుదల శాఖ ఏఈకి చెప్పి, అడిగి. అడగకుండ చేయకండి, తూము సర్కారు ఆస్తి. మన తోడ్పాటు అంటే చాలామంది పైసలనే అనుకుంటరు. నాకు పైసలు రెండో మాటే.

మొదటిది కొలత. 2003 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో ఒక పని మొదలైంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఏడు జిల్లాల్లో – అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ – ఆరు వందలకు పైగా ఊళ్లల్లో రైతులే తమ భూగర్భజలాలను కొలుచుకున్నరు. వాళ్లల్లో ఆడవాళ్లు కూడా చాలామంది. రోజూ వాన కొలిచేటోళ్లు, పదిహేను రోజులకోసారి బోర్లల్లో నీటిమట్టం చూసేటోళ్లు, ఆ అంకెలను ఊరి నడుమ గోడ మీద రాసేటోళ్లు. యాసంగి ముందర అందరూ కూర్చొని, ఈసారి ఇంకిన నీళ్లు ఇన్ని, వేద్దామనుకుంటున్న పంటలకు కావాల్సినవి ఇన్ని, లోటు ఇంత అని లెక్క వేసేటోళ్లు. ఎవరినీ వరి వేయొద్దని బలవంతం పెట్టలేదు. గోడ మీది అంకె చూసి ఎవరికి వాళ్లే వరి తగ్గించుకున్నోళ్లు చాలామంది. బోరు వేద్దామా వద్దా అనే మాట కూడా అంకె చూసి మాట్లాడుకున్నరు. నాకు ఆ పద్ధతిలో నచ్చింది అదే. మహారాష్ట్రలో హివ్రే బాజార్ అనే ఊరు ఇంకా గట్టిగ పోయింది, సాగుకు బోర్లే వద్దనుకున్నరు. మన ఊళ్లల్లో ఇప్పటికే ఇంటికో బోరు ఉన్నప్పుడు అంత కట్టడి నడుస్తదని నేను అనుకోను. కొలుచుకోవడం మాత్రం రేపు పొద్దున మొదలుపెట్టొచ్చు. ఒక వానమాపకం, నీటిమట్టం చూసే టేపు, ఒక రిజిస్టరు. పదో తరగతి చదివిన పిల్ల రాయగలదు.

ఆ రిజిస్టరు ఎందుకు అంత ముఖ్యమో ఇంకో మాట చెప్తా. పోయినసారి మీటింగుల ఒక అన్న అడిగిండు, చెరువు బాగుచేయడం సర్కారు పని గద, గల్ఫ్‌ల చెమటోడ్చేటోడు ఎందుకు చేయాలె అని. ఆ అన్న అన్నది నూటికి నూరుపాళ్లు న్యాయం. ఈ ఎండలు పెంచింది మనం కాదు, ఎండల్లో కాలేది మనం. చెరువు మరమ్మతు, పంట నష్టం, పూడిక సర్కారే చేయాలి. కానీ అడిగేవాని చేతుల కాయితం ఉండాలె. ‘మా ఊళ్లో జూలైలో ఇన్ని రోజులు వాన లేదు, బోర్లల్ల నీళ్లు ఇంత దిగినయి, మత్తడి గోడ ఇక్కడ పగిలింది, ఇదిగో ఫొటో, ఇదిగో తారీకు’ అని గ్రామసభలో పెడితే, తీర్మానంలో రాయిస్తే, ఆఫీసులో దాన్ని పక్కన పెట్టడం అంత సులువు కాదు. మన రాష్ట్రంలో 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలంటుంది. మనం ఇక్కడి నుంచి పోలేం. మన ఇంట్లో ఆడవాళ్లు పోగలరు. పొమ్మని చెప్పాల్సింది, పోతే తప్పు పట్టకుండా ఉండాల్సింది మనమే.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి సూటిగా చెప్తా. మనం ఇక్కడున్న పదిహేను, ఇరవై ఏండ్లు పొలం నడిపింది వాళ్లు. బోరు మోటారు కాలితే మెకానిక్‌ను పిలిచింది, రాత్రి కరెంటుకు పొలం పోయింది వాళ్లు. పొదుపు సంఘాలల్ల పైసా లెక్క తప్పకుండ పుస్తకం రాసేది వాళ్లు. జహీరాబాద్ దిక్కున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత ఆడవాళ్లే ఎక్కువ. బీడు భూములు సాగులోకి తెచ్చి, కొర్రలు, జొన్నలు, సజ్జలు, పప్పులు కలిపి వేసి, విత్తనం తామే దాచుకొని నిలబడ్డరు. 2008లో సొంత రేడియో కూడా పెట్టుకున్నరు. ఆంధ్రలో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయం కూడా ఎక్కువగా మహిళా సంఘాల మీదనే నిలబడింది. వానలు రాకముందే నవధాన్యాలు చల్లి నేలను ఖాళీగా ఉంచకపోవడం వాళ్ల పద్ధతుల్లో ఒకటి. 2024లో దానికి గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. కాబట్టి ఊళ్లో మన తోడ్పాటు ఎవరి చేతిలో పెట్టాలి అంటే నా జవాబు గ్రామ సమాఖ్య. 

గ్రామాభివృద్ధి కమిటీలు ఉన్నయి గద అంటరు. మన జిల్లాల్లో అవి బలంగా ఉన్నయి. గుడి కట్టిన కమిటీలు, బడికి గది కట్టిన కమిటీలు ఉన్నయి, కాదనను. కానీ మాట విననోళ్లకు జరిమానాలు వేసి, కులాలకు కులాలనే ఊరి నుంచి వెలేసిన కమిటీల సంగతి కూడా పేపర్లల్ల చూస్తున్నం. వాటికి చట్టంలో చోటు లేదు, లెక్క అడిగే హక్కు మనకు ఉండదు. గల్ఫ్ పైసలు వెలివేతకు బలం కావద్దు. ఈ మాటకు ఎవరికైనా కోపం వస్తే టీ తాగేటప్పుడు నాతో వాదించండి.

ఇంకో చిక్కు ఉంది. చెరువు బాగైతే ముందు లాభం ఎవరికి? ఆయకట్టులో భూమి ఉన్నోనికి. ఈ హాల్లో చాలామందికి చెరువు కింద గుంట జాగ కూడా లేదు. భూమి లేనోని దగ్గర చందా తీసుకొని భూమి ఉన్నోని మడి పారిస్తే అది ఏం న్యాయం? అందుకే ముందే మాట్లాడుకోవాలి. చెరువులో చేపలు మత్స్య సొసైటీవి. నీళ్లు ఎప్పుడు వదలాలో వాళ్లను కూడా అడగాలి, ఎండకాలం మొత్తం తోడేస్తే చేప బతకదు. చాకిరేవు, పశువుల నీళ్లు, తాగునీటి బావి దగ్గరి మట్టం ఇవి భూమి లేనోళ్ల లాభాలు, వాటినీ రిజిస్టరులో రాయాలి. పూడిక పని యంత్రంతో కాకుండ కూలితో అయ్యే చోట కూలితోనే చేయించాలి. ఆయకట్టు రైతు ఎకరం లెక్కన ఎక్కువ పెట్టాలి. భూమి లేనోడు పైస పెట్టకున్నా మాట సమానంగా ఉండాలి. శిఖం ఆక్రమించినోడు మన చుట్టమే అయి ఉండొచ్చు. అప్పుడు ఫోరం ఊరుకోదని ముందే చెప్తున్న.

ఇక పైసల సంగతి. ఊరికి నలభై మంది ఇక్కడ ఉన్నారనుకుందాం. మనిషికి నెలకు 25 దిర్హాములు. నెలకు వెయ్యి, ఏడాదికి 12 వేల దిర్హాములు. మన రూపాయల్లో రెండున్నర లక్షలు దాటుతుంది. రెండు, మూడు బోర్ల ఖర్చు. అయితే జాగ్రత్త: ఈ దేశంలో చందాలు వసూలు చేయకండి. 2021లో వచ్చిన చట్టం ప్రకారం అనుమతి ఉన్న సంస్థలు తప్ప ఎవరూ విరాళాలు పోగుచేయకూడదు, ఆన్‌లైన్‌లో అడిగినా అంతే. జైలు, జరిమానా రెండూ ఉన్నయి. మిగతా గల్ఫ్ దేశాల్లో కూడా కట్టడి గట్టిదే. మంచి పనికే గదా అంటే వినరు. క్యాంపులో డబ్బా తిప్పడం, ఒక్కని ఖాతాలో అందరి పైసలు వేయడం వద్దు. హుండీ అసలే వద్దు. ఎవరి జీతం వాళ్లు ఎప్పటిలెక్కనే బ్యాంకు ద్వారా ఇంటికి పంపండి. ఊళ్లో మీ ఇంటివాళ్లు తమ వాటా సమాఖ్యలో కట్టి రసీదు తీసుకుంటరు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నోడు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది మన దేశంలో విదేశీ విరాళం కింద రాదు. పాస్‌పోర్టు మారినోళ్లకు మాత్రం వేరే నియమాలున్నయి, వాళ్లు కనుక్కొనే పంపాలి.

వీసా అప్పు తీరనోళ్లు, జీతం రెండు నెలలు ఆగినోళ్లు, ఖల్లివెల్లి అయినోళ్లు పైసా పెట్టొద్దు. ఇది అడుగుతున్న మాట కాదు, చెప్తున్న మాట. వాళ్లు ఊళ్లో ఎవరికి నీళ్ల సంగతి బాగా తెలుసో ఆ పేరు చెప్తే చాలు. పాత నీరటి కొడుకు ఎక్కడున్నడు, తూము కింద ఏ మడి ముందు పారేది, 1990లల్ల మత్తడి ఏ ఏడు దుంకింది – ఇవి ఏ ఆఫీసులో దొరకవు.

ఇదంతా చేస్తే వలస ఆగిపోతదా అంటే ఆగదు. ఎండ తగ్గదు. ఒక్క ఊరు చెరువు బాగుచేసుకున్నా పై ఊరు కాలువ పూడితే నీళ్లు రావు, అందుకే ఒకే గొలుసులో ఉన్న ఊళ్లవాళ్లం ఇక్కడ ఒక్కచోట కూర్చోవాలి. మండలాలు వేరైనా వాగు ఒక్కటే అయి ఉంటది. అక్కడ రెండూళ్ల మధ్య మాట లేకపోవచ్చు, ఇక్కడ ఆ రెండూళ్ల పిల్లలు ఒకే రూంలో పై మంచం, కింది మంచం మీద పడుకుంటున్నరు.

పెద్ద వాన కోసం కూడా ఒక పద్ధతి పెట్టుకుందాం. రాత్రి పూట ఊళ్లో నిద్రపోతున్నప్పుడు ఇక్కడ మనకు ఇంకా పొద్దుపోలేదు, గంటన్నర వెనక ఉంటం. పై ఊరి మత్తడి దుంకుతున్నదని తెలిస్తే కింది ఊరి ఐదుగురికి ఫోన్ చేసి లేపేది మనమే కావొచ్చు. ఆ ఐదు నంబర్లు ముందే రాసి పెట్టుకోవాలి, అందులో కనీసం ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి. గ్రూపుల్లో వచ్చే పాత వీడియోలు చూసి లేపకండి, ఒకటికి రెండుసార్లు అడిగి లేపండి.

తలుపు దగ్గర బల్ల మీద ఒక కాయితం పెట్టినం. ఊరు, మండలం, చెరువు పేరు, దాని పైనున్న చెరువు, కిందున్న చెరువు, మీ పని ఏంది, ఈ మే నెలలో సెలవు మీద పోతున్నరా లేదా అని ఉంది. పైసల గడి అందులో లేదు, కావాలనే పెట్టలేదు. రాయడం రాని అన్నలు నాకు చెప్తే నేను రాస్త. క్యాంపు బస్సులు ఎనిమిదింటికి కదులుతయి, అప్పటిదాకా ఆ బల్ల దగ్గరనే ఉంట.